సంతకం పడని హోంవర్కు

పక్కింటి బూట్లమ్మాయి అత్తగారిని ఏదో పరాయి భాషలో తిట్టిపోస్తోందని మా వీధిలో పుట్టిన పుకారు శుద్ధ అబద్ధం. గోడకి చెవి ఆనించి విన్నదాన్ని, నాకు తెలీదా? తిట్టే గొంతు అలా ఉండదు. అది పాఠం అప్పజెప్పే గొంతు. మర్నాడే వెళ్ళి అడిగేశాను. అది ఇటాలియన్ అట. చేస్తున్నది హోంవర్కట.

ఆ పిల్ల బూట్ల ఫ్యాక్టరీలో అడుగు అట్టలకి గమ్ము పూస్తుంది. చేరిన దగ్గర్నుంచీ అదే బల్ల, అదే వాసన. సాయంత్రానికి తల దిమ్మెక్కి వస్తుంది. మొగుడు లారీ మీద ఊళ్ళమ్మట తిరుగుతాడు, ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. ఈమధ్య ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్త మిషన్లు వచ్చాయి. అవి మొరాయిస్తే అక్కడివాళ్ళతో ఫోన్లో మాట్లాడే మనుషులు కావాలి. అందుకని క్యాంటీన్ పైగదిలో భాష నేర్పడం మొదలెట్టారు. పాసైతే మిషన్ల దగ్గర పని. తప్పితే గమ్ము బల్లే.

మార్కుల్లో సగం పరీక్షకి, సగం హోంవర్కుకి. రోజూ చేసిన పనంతా ఇంట్లో ఒకరికి ఆ భాషలో చెప్పాలి, విన్నవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. వాళ్ళకి అర్థం కానక్కర్లేదు, చెవులుంటే చాలు అందట టీచరమ్మ.

అత్తగారు బఠాణీలు ఒలుస్తూ శ్రద్ధగానే వినేది. కాగితం ముందు పెడితే మాత్రం చేతులు వెనక్కి పెట్టేసుకునేది.

"తెలీని భాషలో కాగితం. రేపు ఇల్లు రాయించేసుకున్నావంటే నేనెవరితో చెప్పుకోను?"

"ఇల్లు అద్దెది కదా అత్తయ్యా."

"అందుకే మరీ భయం."

ఇక ఆవిడతో వాదించేదెవరు? పక్కబల్ల స్నేహితురాలు ఉపాయం చెప్పింది. "మా ఆయన సంతకం నేనే పెట్టేస్తాను. అందరం అంతే. నువ్వూ ఓ గీత గీసి పారెయ్."

"పెట్టనని మొహం మీదే చెప్పింది మా అత్తయ్య. పెట్టిందని నేనెలా గీస్తాను?"

నేనూ ఊరుకోలేదు. "ఇలా తే, నేను పెడతాను. అయిదో క్లాసు దాకా చదివాను, నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి."

"మీరు మా ఇంట్లో మనిషా పిన్నిగారూ?"

"మీ ఇంట్లో ఏం జరిగినా నీకన్నా ముందు నాకే తెలుస్తుంది. ఇంకేం కావాలే?"

నవ్వింది గానీ కాగితం ఇవ్వలేదు.

టీచరమ్మ సున్నా వెయ్యబోతే క్లాసులో లేచి నిలబడిందట. గమ్ము బల్ల, బస్సులో తోపులాట, వండిన కూర, అన్నీ ఆ భాషలో గడగడా చెప్పిందట. ఈ సంగతి నాకు ఆ స్నేహితురాలే చెప్పింది, ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను.

"బాగానే చెప్పావు. సంతకమేదీ?" అందట టీచరమ్మ.

"లేదండీ."

"అయితే సున్నా."

"వేసుకోండి. ఇంట్లో చెప్పలేదని మాత్రం రాయకండి."

పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఆ సున్నాని కలిపేసరికి మొత్తం మీద తప్పింది. మొగుళ్ళ సంతకాలు గీసుకున్నవాళ్ళంతా మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు. అది విన్నాక నాకు కడుపు మండిపోయింది. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల పెరట్లో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో గోళ్ళ సందుల్లో గమ్ము తుడుచుకుంటోంది.

"నిజం చెప్పవే," అన్నాను, "ఒక్క గీత గీసుంటే పోయేదని ఇప్పుడైనా అనిపించడం లేదూ?"

తలెత్తకుండానే అంది: "లేదు పిన్నిగారూ. కొత్త క్లాసుకి పొద్దున్నే పేరిచ్చి వచ్చాను. ఈసారి ముందు బెంచీలో కూర్చుంటాను. హోంవర్కు అత్తయ్యకే చెప్తాను. ఆవిడ సంతకం పెట్టదు, నేను గీయను. నా మొహంలోకి చూస్తూ ఆ సున్నా ఎన్నిసార్లు వెయ్యగలదో టీచరమ్మనే తేల్చుకోమనండి."