రెండో తరగతి గదిలో ఎవరూ లేరు

మాంగ్ పోతెన్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఖాళీ గది కంటపడితే చాలు, అందులో ఒక దయ్యాన్ని కాపురం పెట్టేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

పెద్దవాళ్లను మాంగ్ అని పిలిచే మా మరికినాలో ఈ వీధంతా ఒకప్పుడు బడే. ముప్పై ఏళ్లు దానికి గంట కొట్టింది ఆయనే. ఏరు పొంగి నీళ్లు కిటికీలు దాటిన ఏడాది బడిని మెరక మీదికి మార్చారు. గదులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఒకటో తరగతిలో బాల్డో సెలూన్ పెట్టాడు. నాలుగో తరగతిలో మాంగ్ రూఫో మనుషుల్ని పెట్టి చెప్పులు కుట్టిస్తున్నాడు. పుస్తకాల గది బియ్యం కొట్టయింది. మాంగ్ పోతెన్ తాళాల గుత్తితో మిగిలాడు. గంట కొట్టే పని లేదు కనక దయ్యాలకు హాజరు వేసుకుంటూ తిరిగేవాడు.

ఒకరోజు బాల్డో ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఈయన గుమ్మంలో నిలబడ్డాడు.

"బాల్డో, ఆ కుర్చీ కాస్త పక్కకు జరుపు. అది కొన్సోర్సియా టీచర్ నిలబడే చోటు."

"సగం గడ్డంలో ఉన్నాను తాతా! ఆవిణ్ణి ఆగమను."

"బతికున్నప్పుడే ఎవరికోసమూ ఆగింది కాదు. ఇప్పుడాగుతుందా?"

కుర్చీలో ఉన్నాయన మెడకు గుడ్డతో, సగం నురగతో లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్, టీచర్," అన్నాడు. ఆయన ఆవిడ దగ్గరే చదువుకున్నాడట. గోడవైపు చూస్తూ చాలాసేపు కూర్చోలేదు. ఎందుకని అడిగితే, "ఇంకా కూర్చోమనలేదు," అన్నాడు.

బియ్యం కొట్టామెది ఇంకో కథ. బస్తాల వెనక చప్పుడు ఎలుకలదని ఆమె, కాదని ఈయన.

"ఎవరో పుస్తకం చదువుతున్నాడమ్మా. వేలు తడిచేసుకుని పేజీ తిప్పుతున్నాడు."

"ఎలుకలు, మాంగ్ పోతెన్. పిల్లిని తెస్తున్నా."

"ఎలుకలైతే పేజీ పేజీకీ ఆగుతాయా? విను."

ఆమె చెవి ఆనించి విన్నది. సర్రుమని ఒక చప్పుడు. ఒక పేజీ చదివేంత నిశ్శబ్దం. మళ్లీ సర్రు. వేడినీళ్లు పారబోసేముందు, కనపడనివాళ్లు తప్పుకుంటారని మేమంతా "తబి తబి పో" అంటాం. ఆమె ఆ రోజునుంచి బియ్యం కొలిచేముందు కూడా అనడం మొదలుపెట్టింది. పిల్లిని తెచ్చింది కానీ, అది ఆ బస్తాల వెనక్కి ఏనాడూ వెళ్లలేదు.

ఆఖరికి మరుగుదొడ్డికి కూడా ఇద్దరు దయ్యాలు. ఒకరు లోపల, ఒకరు బయట తమ వంతుకోసం. అందరినీ కలిపితే పదిహేడుమంది.

మా ఇల్లు రెండో తరగతి గదికి ఎదురుగా ఉంది. నేను చదివింది మూడోదాకానే, అదీ ఈ గదుల్లోనే. నా కూతురు లిగాయా రెండో తరగతి దాటలేదు. డెంగీ జ్వరం. అయిదు రోజులు. వరద వచ్చింది ఆ మరుసటేడు. అప్పట్నుంచి ఆ గదికి తాళమే.

మాంగ్ పోతెన్ మాటలకు నేనూ నవ్వేదాన్ని. కానీ ఆయన కొత్త దయ్యం ఊసెత్తినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోయేది. ఏదో ఒకరోజు ఈ గది వంతు వస్తుంది. వీధి పిల్లలు నా పిల్ల పేరు పెట్టి కేకలేస్తూ పరిగెడతారు. అది వింటూ నేను నా గుమ్మంలో ఎలా కూర్చోవాలి?

సమాధుల పండగకు ముందురోజు సాయంత్రం ఏటా ఆయన వీధి జనాన్ని వెంటేసుకుని గదిగదికీ ఒక కొవ్వొత్తి పెట్టించేవాడు. ఆ ఏడు మబ్బు పట్టి నాలుగింటికే చీకటిగా ఉంది. ఆకు కదలడం లేదు. అయినా గుమ్మాల్లో కొవ్వొత్తుల మంటలు ఒకదాని తరవాత ఒకటి పక్కకు వంగి మళ్లీ లేస్తున్నాయి.

"వరసలో వెళ్తున్నారు," అన్నాడు మాంగ్ పోతెన్. ఎవరూ నవ్వలేదు.

అంతా నా ఎదుటి గదిముందు ఆగారు. నేను అరిటాకుల్లో సుమాన్ చుడుతున్నాను. వేళ్లకు బంక అన్నం అంటుకుపోయింది.

"ఇక్కడెవరు తాతా?" అన్నాడు మాంగ్ రూఫో.

"ఇక్కడెవరూ లేరు."

"అదేంటి! మరుగుదొడ్డికే ఇద్దర్నిచ్చావు. ఇంత గదికి ఒక్కరూ లేరా?"

"లేరన్నానా."

"సరుకైపోయినట్టుంది పాపం," అన్నాడు బాల్డో. "అంటే మిగతావాళ్లంతా నువ్వు అల్లినవాళ్లేనా? ఆ టీచర్‌కోసం నేను కుర్చీ కూడా జరిపాను కదయ్యా!"

ఒక్క పేరు చెబితే ఆయన పరువు నిలిచేది. ఒకే ఒక్కసారి నావైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఔను, అల్లినవాళ్లే. పదండి ఇళ్లకు."

జనం పగలబడి నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను చేతులు తుడుచుకుని వీధి దాటాను.

"ఎందుకలా అన్నారు, మాంగ్ పోతెన్?"

ఆయన తాళాలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు. "వరద తీసిన వారమే పిల్లలు ఈ గదిగురించి గుసగుసలు మొదలుపెట్టారు, దెల్ఫా. వాళ్లకు వేరే ఊసు కావాలి కదా. ఆ రోజే కొన్సోర్సియా టీచర్‌ని దింపాను. ఆవిడ ఒక్కతే చాలలేదు. మిగిలినవాళ్లనీ పిలవాల్సొచ్చింది."

పదిహేడుమంది. నా పిల్ల మాట ఎవరి నోటా రాకుండా వీధంతా కాపలా పెట్టాడు.

"తలుపు తియ్యండి," అన్నాను. "అందరికీ చోటిచ్చి దాన్నొక్కదాన్నే బయట నిలబెట్టారు. అదసలు ఊరుకునే రకమా?"

"అయితే దాన్నీ పెట్టమంటావా?"

"పెట్టండి. కానీ ఏడ్చే దయ్యం వద్దు. తెల్లగౌనూ వద్దు."

"మరి ఏం చేస్తుంది?"

"వాళ్ల నాన్న చెప్పులు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చిపెట్టి తలుపు వెనక నక్కేది. అది చాలు."

ఆయన తలుపు తీశాడు. నేల ఎర్రమైనంతో అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్లూ కొబ్బరి పీచుతో ఎవరు రుద్దుతున్నారో అడగలేదు. ఇద్దరం గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. కిటికీపక్క బల్లమీద ఒక సుమాన్ పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, కాసేపు నిలబడి బయటికొచ్చాం. గది ముందు నరమానవుడు లేడు.

నా చెప్పులు విడిచినట్టే ఉన్నాయి. ఆయనవి మాత్రం ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు.

"నువ్వేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేను మీ పక్కనే ఉన్నాగా. మీరే అలా విడిచారేమో."

"డెబ్బై ఒకటొచ్చాయి నాకు. ఏ కాలేదో తెలీదా?" పదిహేడు దయ్యాల్ని సాకిన మనిషి నా జబ్బ గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యను?"

"సరిచేశారంటే అలుగుతుంది. అలాగే తొడుక్కుని వెళ్లండి."

తొడుక్కున్నాడు. సెలూన్ దాటి, చెప్పులు కుట్టేవాళ్లందరి ముందునుంచీ, బాతులా వంకరటింకరగా నడుచుకుంటూ వెళ్లాడు. "తాతా, చెప్పులు తారుమారయ్యాయి!" అని మాంగ్ రూఫో మనుషులు గొంతు చించుకుని అరుస్తున్నా, కిందికి చూసుకోలేదు, ఆగలేదు. మూల తిరిగేముందు మాత్రం ఎవరో పిలిచినట్టు వెనక్కి చూసి, చెయ్యి ఊపాడు. నాకు కాదు.