ఆకాశంలో ఉన్న కోపం

మా డ్రాయింగు మేష్టారికి కోపం వస్తే మర్యాద పెరిగేది. మామూలుగా "ఒరేయ్" అని పిలిచే మనిషి, బొమ్మ నచ్చకపోతే "తమరు" అనేవారు. రాజమండ్రిలో ఆయన దగ్గర నూనెరంగులు నేర్చుకున్న రెండేళ్లూ నేను జమీందారులా బతికాను.

"తమరి గోదావరి బహు శుభ్రంగా ఉందండి. ఉతికి ఆరేశారాండి?" అంటూ ఆరని రంగంతా కత్తితో గీకేసేవారు. మూడు వారాల పని మూడు నిమిషాల్లో పోయేది. మనిషి చురుకైనవారు, కాదనను.

మద్రాసు చిత్రకళాశాలకు ఒక బొమ్మ పంపాలి. వెనక ఆయన సంతకం లేకపోతే నన్ను చేర్చుకోరు. ఎలాగూ గీకేస్తారని, కోపంకొద్దీ ధవళేశ్వరం ఆనకట్ట మీద ఆకాశాన్ని నల్లగా కుమ్మాను. వరదను నెత్తురులా పోశాను. తాటిచెట్లను దుడ్డుకర్రల్లా వంచాను. అవి కొట్టబోయే చోట, గట్టుమీద, బొజ్జతో ఒక చిన్న మనిషిని నిలబెట్టాను.

మేష్టారు వంగి ఆ బొజ్జ మనిషిని చూశారు.

"ఏరా, ఇది నేనేనా?"

"అవునండి."

"నేనంటే ఇంత మంటా?"

"ఇంకా ఉందండి. రంగులైపోయాయి."

కత్తి తీశారు. నా మద్రాసు ప్రయాణం అక్కడితో సరి అనుకున్నాను. ఆయన మాత్రం ఆ మనిషిని ఒక్కణ్నే గీకి, ఆ చోట గట్టు రంగు పులిమారు.

"కోపమంతా ఆకాశంలోనే ఉందిరా. మళ్లీ నేనెందుకు?" అని వెనక సంతకం పెట్టారు.

నా జన్మలో పోలిక కుదిరింది ఆ బొజ్జ ఒక్కదానికే. దాన్ని చెరిపినందుకు ఆయన్ని నేటికీ క్షమించలేదు. బొమ్మ చూసినవాళ్లు మాత్రం "ఎవరిమీదండీ ఇంత కోపం?" అని అడుగుతూనే ఉన్నారు.