వ్యాక్యూమ్ టేబుల్ మీద నలభై ఒక్క పేర్లు

2022 వానకాలం. కరీంనగర్ శివారులోని మా షెడ్డులో సీఎన్‌సీ రౌటర్ పెట్టి అప్పటికి మూడేళ్లు. కంప్యూటర్‌లో గీసిన గీత వెంబడి బిట్టును, అంటే కోసే ఉక్కు మొనను, తిప్పుతూ చెక్కను చెక్కే యంత్రమిది. పూజగది తలుపులు, జాలీలు, పేరు పలకలు మా రోజువారీ పని. కోసేటప్పుడు చెక్కను కదలకుండా పట్టుకోవడమే ఈ పనిలో పెద్ద తలనొప్పి. అంచులకు క్లాంపులు బిగించాలి, లేదా స్క్రూలు దింపాలి. ఎలా చేసినా చెక్క మీద ఆనవాళ్లు పడతాయి.

అందుకని ఆ ఎండాకాలం నేనే ఒక వ్యాక్యూమ్ టేబుల్ తయారు చేశాను. చెక్కపొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలక మీద అడ్డంగా, నిలువుగా గాడులు తీసి, చుట్టూ రబ్బరు తాడు కూర్చి, అడుగున పైపు తగిలించి, వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు రెండు బిగించాను. మోటార్లు కింది గాలిని లాగేస్తే పైనున్న గాలి చెక్కను అదిమి పడుతుంది. ఎండీఎఫ్ అంచుల్లోంచి గాలి దూరుతోందని మూడుసార్లు పెయింటు కొట్టాను. మొదటిసారి ప్లైవుడ్డు పెట్టి రెండు చేతులా గుంజి చూస్తే ఇసుమంతైనా కదల్లేదు. ఆ రోజు నా అంత మొనగాడు జిల్లాలోనే లేడనుకున్నాను.

ఆ పొగరు మీద ఉండగానే సామేలు కాకా వచ్చాడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. దుప్పట్లో చుట్టి తలుపు రెక్కంత టేకు పలక తెచ్చాడు. వాళ్ల ఊరి మిషన్ చర్చిలో ప్రసంగ వేదికకు ముందు నిలిపిన పలక అది. చేసింది ఆయన తండ్రి. ఊరంతా, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్ కాస్టు గని కిందికి పోయింది. చర్చి పోయింది, దాని వెనక సమాధులూ పోయాయి.

"బొందల గడ్డల నలభై ఒక్క మంది ఉండిరి బిడ్డా," అన్నాడు. "ఇప్పుడు గక్కడ గుట్టంత లోతు. రెండు పూలు వెడుదమంటే జాగ లేదు. గీ సెక్క మీద ఆళ్ల పేర్లు చెక్కియ్యాలె. కొత్త కాలనీల చర్చి కట్టుకున్నం, గా చర్చిల నిలవెడుతం. ఇగ గదే ఆళ్ల జాగ."

"జేద్దాం కాకా, ఫికర్ జెయ్యకు."

"ఒక్కటే మాట. మొల దిగొద్దు. మా బాపు ఒక్క మొల కొట్టకుంట చేసిండు దీన్ని."

"నా టేబుల్‌కు మొలతోని పనే లేదు. గాలే పట్టుకుంటది."

"గాలి పట్టుకునుడేంది," అని కాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది.

పలక పాతబడి నడుమ కాస్త పైకి వంగింది. ఒక మూల సన్నటి నెర్రె కూడా ఉంది. టేబుల్ మీద పెట్టి మోటార్లు వేస్తే వంపంతా దిగి చదునుగా పడుకుంది. బలవంతంగా గుంజి పడుకోబెట్టిన చెక్కను వదిలితే మళ్లీ లేస్తుందని నా బుర్రకు తట్టలేదు. ఇంకో తెలివితక్కువ పని అంతకుముందే చేసి ఉన్నాను. రౌటరూ మోటార్లూ ఒకే ఫేజ్ మీద, అంటే ఒకే కరెంటు తీగ మీద, నడిపితే ఫ్యూజు పోతోందని మోటార్లను రెండో ఫేజ్‌కు మార్చాను. మా షెడ్లలో అందరం చేసే పనే ఇది. వానొస్తే మా లైన్లో ఏదో ఒక ఫేజ్ పోతుందనీ అందరికీ తెలుసు. మోటార్లు ఆగితే రౌటర్ కూడా ఆగిపోయేలా మధ్యలో రిలే అనే చిన్న డబ్బీ పెట్టుకోవాలి. తర్వాత పెడదాంలే అనుకున్నాను.

పని మొదలుపెట్టిన మధ్యాహ్నం వాన పడుతోంది. కాకా స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. బొంద పెట్టిన వరుసలోనే పేర్లు రాసిచ్చాడు. ఒక్కో పేరు చెక్క మీద తేలుతుంటే ఆ మనిషి సంగతి చెప్తున్నాడు.

"గీమె మంత్రసాని. మా ఊరోళ్లందరం గీమె చేతులల్ల పడ్డోళ్లమే. గీయన పాట అందుకుంటే పాస్టరయ్య గూడ ఆగుతుండె. ఆఖరుకు నన్ను గన్న మా అవ్వ పేరు వస్తది. ఊరు లేచే ముంగట పోయింది."

పద్దెనిమిదో పేరు సగంలో ఉండగా మోటార్ల మోత ఆగింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, బిట్టు తిరుగుతూనే ఉంది. మోటార్ల ఫేజ్ ఒక్కటే పోయింది. సంగతి నాకు అర్థమయ్యేలోపే పలక తన పాత వంపులోకి లేచి బిట్టుకు ఎదురెళ్లింది. బిట్టు లోతుగా దిగబడి, చెక్కిన పేర్ల మీదుగా పలకను ఈడ్చేసింది. నెర్రె దగ్గర పలక రెండుగా చీలింది. కాకా దాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. ఒక చేత్తో ఆయన్ను వెనక్కి లాగి, ఇంకో చేత్తో రౌటర్‌ను ఆపే ఎర్ర బటన్ కొట్టాను.

కాకా మళ్లీ దగ్గరికొచ్చి మంత్రసాని పేరును వేళ్లతో తడిమాడు. అందులో చివరి అక్షరమే మిగిలింది. ఆయన తిడితే బాగుండేది. చెంప మీద కొట్టినా నిలబడి తినేవాణ్ని.

"కొత్త టేకు తెస్త కాకా," అన్నాను. "పేర్లన్నీ మల్ల చెక్కుత."

"పేర్లు కాయితం మీద గూడ ఉన్నయి బిడ్డా. మా బాపు చెయ్యి ఏడికెల్లి తెస్తవు?"

దుప్పటి పరిచి రెండు ముక్కలూ పెట్టాడు. నేల మీద పడ్డ పేళ్లు కూడా ఏరాడు. నేను వంగబోతే వద్దన్నాడు. మూట కట్టుకుని వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"దీన్ని కాలవెట్ట బుద్ధి అయితలేదు. బొందవెడుదమంటే మాకు జాగ లేకపాయె. ఏం జెయ్యాలె బిడ్డా?"

ఆయన నిజంగానే అడిగాడు. మూటను భుజానికెత్తుకుని వానలోకి దిగాడు. ఆ తర్వాత ఆయన రాలేదు. రెండుసార్లు కాలనీ దాకా వెళ్లి, చర్చి లోపలికి పోయే ముఖం లేక తిరిగొచ్చాను.

మర్నాడే రిలే పెట్టాను. అరగంట పట్టింది. ఇలాంటి టేబుల్ చేసుకుంటామని ఎవరైనా వస్తే, ముందు పనికిరాని చెక్క పెట్టి, యంత్రం నడుస్తుండగా మోటార్ల ఫ్యూజు పీకి చూడమంటాను. పట్టు ఎంత గట్టిదో చూసి మురిసిపోవద్దని, అది వదిలితే ఏమవుతుందో చూశాకే ఒకరి వస్తువు మీద చెయ్యి వేయమని చెప్తాను. వాళ్లు తలూపి వెళ్తారు. ఈ సంగతి నేర్చుకోవడానికి నాకు ఏ పనికిరాని చెక్కయినా సరిపోయేది. నేను మాత్రం నలభై ఒక్క మందికి మిగిలిన ఒక్క జాగాను పోగొట్టి నేర్చుకున్నాను.