ఈశాన్యంలో మొదటి లైటు

గుంటూరులో లైట్ల బోర్డులు చేసే కంపెనీలో లిడియా ఇంజినీరు. బోర్డులో లైట్లెన్నో, మొదటి లైటు ఏ మూలనుందో బోర్డుని నడిపే ప్రోగ్రాముకి, అంటే కెర్నెల్ డ్రైవర్‌కి, రాసిపెట్టడం ఆమె పని. పెదకాకాని దగ్గర ఊళ్ళో తిరునాళ్ళకి బోర్డు పెడుతుంటే కంపెనీ యజమాని రఘురామ్ వచ్చాడు.

"మొదటి లైటు ఈశాన్యంలో ఉందని రాయమ్మా. కమిటీవాళ్ళు వాస్తు అంటున్నారు."

"వైరు నైరుతి నుంచి వస్తోంది సార్. అబద్ధం రాస్తే అక్షరాలు తలకిందులైపోతాయండి."

"చెప్పింది రాయి."

రాసింది. దాతల పేర్లన్నీ తలకిందులుగా వెలిగాయి. జనం ఈలలేశారు. కమిటీ పెద్ద ఆమె మెడలో సిలువ చూసి, "వీళ్ళతో చేయిస్తే ఇంతే" అన్నాడు. రఘురామ్ ఫోను చూసుకున్నాడు.

లిడియా మళ్ళీ నైరుతి అని రాసింది. పేర్లు నిటారుగా నిలబడ్డాయి.

పెద్దాయన బోర్డుకి దణ్ణం పెట్టాడు. "చూశారా! ఈశాన్యం మహిమ."