కదిలే బొమ్మలో కదిలింది మా నాయనమ్మ ఒక్కతే

మా చిన్నప్పుడు... మా మిరప తోటలో సినిమా తీశారు. నవ్వమాకండి, నిజమే! హీరోని నేనే అనుకున్నా...

తీసింది మా బాబాయి. సాగర్ డ్యామ్ కాడ ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. బదిలీ మీద పోతన్న ఇంజనీరు దగ్గర చిన్న సినిమా కెమెరా, గోడ మీద బొమ్మేసే మిషనూ కొన్నాడు. ఇంక మనిషి ఇంట్లో ఉంటేగా... గేట్ల మీంచి దూకే నీళ్ళు, బస్సు టాపు మీద కోతులు, అన్నీ తీసేవోడు. రీలు మూడు నిమిషాలకే అయిపోద్ది. కడిగించాలంటే బొంబాయి పంపాల.

ఆ ఏడు మా తాత బండి మీంచి పడి తుంటి ఇరగ్గొట్టుకున్నాడు. నులక మంచం దిగలేడు. తోట బాగా కాసిందని మా నాయన రోజూ చెబుతానే ఉన్నాడు... తాత నమ్మితేగా!

"బొబ్బర తెగులు కొట్టుంటదిరా. ముసలోడు బెంగ పెట్టుకుంటాడని దాస్తన్నారు. నా కళ్ళతో చూడాల" అంటా అన్నం కూడా సరిగ్గా తినేవోడు కాదు.

"నీ తోటని నీ మంచం కాడికే తెస్తా నాయనా" అన్నాడు బాబాయి. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే రీలు.

కాయ కోసే రోజు కెమెరా ఎత్తాడో లేదో... కోతకొచ్చిన ఆడోళ్ళంతా కొంగులు సర్దుకుని, చేతులు కిందకి జాపి, వరసగా నిలబడ్డారు. మాకు ఫొటో తెలుసు గాని ఇది తెలీదు గదా! నేనైతే ఊపిరి కూడా బిగబట్టా.

"కదలండమ్మా! ఇది కదిలే బొమ్మ!" బాబాయి ఒకటే అరుపు.

"కదిల్తే చెడిపోద్దయ్యా, మాకు తెలీదా?" అంది ఒకావిడ, పెదాలు కదపకుండా.

రీలు అయిపోయింది. బాబాయి తల పట్టుకున్నాడు.

ఎండాకాలంలో గాని రీలు రాలా. అప్పటికి తోట పీకేశారు. పొద్దు గూకంగానే తాత పంచెనే గోడకి కట్టి బొమ్మేశాడు బాబాయి. మేమంతా దిష్టిబొమ్మల్లాగా నిలబడున్నాం... మా చుట్టూ ఎర్రటి కాయలు గాలికి ఊగుతున్నయ్. చెట్టు నిండా కాయే. తెగులూ లేదు, పాడూ లేదు.

ఓ మూల మాత్రం మా నాయనమ్మ... వంగి కాయ కోస్తంది. మధ్యలో లేచి, చెయ్యి ఊపుకుంటా ఏందో అంటంది. మాట వినపడని బొమ్మాయె.

"ఏమన్నావే అమ్మా ఆ రోజు?" అన్నాడు బాబాయి.

"నాకేం గుర్తురా" అంది నాయనమ్మ.

"నేను చెబుతా" అన్నాడు తాత మంచం మీంచి. "అక్కడ ముసలోడు తోట తోట అని నా ప్రాణం తీస్తన్నాడు, మీరేమో కోత మానేసి పెళ్ళికూతుళ్ళలాగా నిలబడ్డారు... అంటంది."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం అదే అన్నా!"

"మళ్ళీ ఎయ్యరా" అన్నాడు తాత.

"తోట చూశావుగా నాయనా?"

"తోట సంగతి సరేలే... ఆ మూల చూస్తా."

ఆ పూట తాత అన్నం మారు వడ్డించుకున్నాడు.

ఇప్పుడు నా మనవరాలు ఫోను ఎత్తిందంటే నేను బిగుసుకుపోతా. "తాతా, వీడియో! కదులు!" అని అరుస్తది పిల్ల. రోజంతా తీస్తానే ఉంటారు గాని... "మళ్ళీ ఎయ్యి" అని అడిగేవోళ్ళేరి?

మీ ఇంట్లో కూడా కెమెరా చూసి కట్టెలాగా బిగుసుకుపోయినోళ్ళు ఉన్నారా? పేరు పెట్టి రాయండి... నేనొక్కణ్ణే కాదని ఆ పిల్లకి చూపించాల!