పెరుగన్నం తిని బయలుదేరిన తాబేలు

రెండో పెళ్లికి నేను పెట్టిన షరతు ఒక్కటే. నాతో పాటు నా తాబేలు కూడా వస్తుంది. సంబంధం తెచ్చిన పెద్దాయన ఆ మాట విని కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. పెళ్లికొడుకు మాత్రం, ధర్మవరంలో మగ్గం నేసుకునే నలభై దాటిన మనిషి, "ఎంతుంటాది?" అని అడిగాడు. హిందూపురంలో మా ఇంటి పెరట్లోకి తీసుకెళ్లి చూపించాను. గోడ వారన, బట్టలు నానేసే తొట్టి బోర్లించినంత తాబేలు మల్బరీ ఆకు నములుతోంది. ఆయన చాలాసేపు చూసి, "పెద్దదే," అన్నాడు. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

కొన్నప్పుడు అది నిమ్మకాయంత ఉండేది. మన అడవుల్లో దొరికే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. ఇది ఆఫ్రికా ఎడారి జాతి, పద్ధతిగా నమోదు చేయించిందే. బెంగళూరు కొట్లో దాన్ని కొన్నది నేను కాదు, నా మొదటి భర్త. మొదటి పెళ్లిరోజుకు చీర తెస్తాడని ఎదురుచూస్తే, జేబులోంచి దీన్ని తీసి నా అరచేతిలో పెట్టాడు. కోపంతో వారం రోజులు మాట్లాడలేదు. ఆయన పోయాక ఇంట్లో ఆయన పెంచిన ప్రాణం అదొక్కటే మిగిలింది. పిల్లలు లేరు. సాయంత్రం కుట్టు మిషను ఆపి పెరట్లోకి వెళితే, నా పాదాల దాకా నడిచొచ్చి చీర కుచ్చిళ్లను ముక్కుతో పొడిచేది. ఆయన లుంగీని కూడా అలాగే పొడిచేది.

"పాత మాటలు కొత్త ఇంటికి మోసుకుపోవద్దు తల్లీ," అని పెద్దలు ఒకరి తరువాత ఒకరు చెప్పారు. అందుకే తాబేలు నాదేనని చెప్పి ఊరుకున్నాను. ముప్పై కిలోల పాత మాటను నేను మోసుకుపోతున్నానని వాళ్లకు తట్టలేదు. పెళ్లికొడుకుకు తట్టిందో లేదో నాకు తెలియదు. తెలిస్తే ఏమంటాడోనన్న భయం మాత్రం ముహూర్తం పెట్టిన నాటి నుంచీ నాతోనే ఉంది.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం, మనుషులకు రెండు గంటల దారి. పెరటి గోడ దాటి ఎరగని తాబేలుకు అది దేశాంతరమే. బెంగళూరు పశువైద్యుడికి ఫోన్ చేస్తే ఆయన ఓపికగా చెప్పాడు. ముందురోజు నుంచి మేత పెట్టకూడదు, కుదుపులకు కక్కితే ఊపిరికి అడ్డం పడుతుంది. బయలుదేరే ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచాలి. పెట్టె దాని ఒంటికి సరిపోవాలి, వదులుంటే బండి ఊగినప్పుడు తిరగబడుతుంది. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు.

పెట్టె నేను చేయిస్తానని పెళ్లికొడుకు ఒక ఆదివారం వచ్చాడు. నేను రవికలు కుట్టేదాన్ని, టేపు నాదే ఇచ్చాను. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. అలవాటు కొద్దీ, "రెండు వేళ్లు వదులు పెట్టండి," అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు. పెట్టె వచ్చాక పక్కింటివాళ్లు చూసి, ఇంత ఇరుకా పాపం అని నొచ్చుకున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను జవాబు చెప్పలేదు.

ఫాల్గుణంలో, గుడిలో దండలు మార్చుకున్న మర్నాడు, ఎండెక్కక ముందే బయలుదేరాం. చీరలు తోలే వ్యాను ఆయనే అడిగి తెచ్చుకున్నాడు, నడిపేదీ ఆయనే. అడుగున ఎండుగడ్డి పరిచిన పెట్టెను వెనక సీటు తీసేసిన చోట తాళ్లతో కట్టాం. దాని నీళ్ల తొట్టి కూడా వేసుకున్నాం. అమ్మ సారెతో పాటు మల్బరీ ఆకు కట్ట ఇచ్చింది, పరిగి వైపు పట్టుపురుగుల రైతులు తెచ్చేటట్టే తడి గోనెలో చుట్టి. అమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను గానీ, అవి తప్పు చేసిన కళ్లని అప్పుడు గుర్తుపట్టలేదు.

పెనుకొండ కొండ కనిపించే వేళకు వెనక నుంచి పులిసిన వాసన మొదలైంది. ఆయన బండి పక్కకు తీసి చింతచెట్టు నీడన, ఒక టీ బంకు ముందు ఆపాడు. మూత తీసి చూశాను. తాబేలు తల లోపలికి లాక్కుని ఉంది. మూతి చుట్టూ తెల్లటి ముద్ద, గడ్డి నిండా అదే. వెనక కాళ్లు పట్టు వదిలేసినట్టు పడి ఉన్నాయి. తట్టాను. కదల్లేదు.

అమ్మకు ఫోన్ చేశాను. "దానికేమన్నా పెట్టినావా?"

"రోంత పెరుగన్నం పెట్టినా."

"ఎప్పుడు?"

"నువ్వు చీర కట్టుకుంటాంటివి, అప్పుడు. ఇంట్లోంచి పయనమైపొయ్యేది, ఉత్త కడుపుతో ఎట్ల పంపేది? ఎవర్నన్నా పెరుగన్నం తినిపించకుండా పంపినామా మనం?"

"ఉత్త పెరుగన్నమేనా?"

"అరటిపండు పిసికినా. ఉత్తది తినలేదు మల్ల."

మా ఇంట్లో పరీక్షకు పోయినా, ఆసుపత్రికి పోయినా, అత్తగారింటికి పోయినా గడప దాటేముందు పెరుగన్నం తినాల్సిందే. అమ్మ లెక్కలో అత్తగారింటికి పోతున్నది నేనొక్కదాన్నే కాదు. తిడదామని నోరు తెరిచి, తిట్టలేక ఫోన్ పెట్టేశాను.

వైద్యుడికి మళ్లీ ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేశాం. తిరగెయ్యకుండా, వంచకుండా ఇద్దరం పట్టి దించి తొట్టిలో కూర్చోబెట్టాం. టీ బంకు ఆమె వేడినీళ్లు ఇచ్చి, చన్నీళ్లు కలిపింది. తొట్టి నిండుగా పొయ్యబోతుంటే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలక్కా. ఇది మెట్ట తాబేలు, ఈత రాదు. నీళ్లు గడ్డం దాటకూడదు."

ఆయన చొక్కా చేతులు మడిచి, తడిగుడ్డతో దాని మూతి తుడిచాడు. తరువాత వెనక్కి వచ్చి తోక కింద కడిగాడు. టీ బంకు ఆమె నా మెడలోని పచ్చటి పసుపుతాడు చూసి, ఆయన్ని చూసి, "ఏమప్పా, పెండ్లయిన మర్నాడే ముడ్డి కడిగే పని పడిందే నీకు," అంది. ఇంకొకప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు. తొట్టి పక్కన చతికిలబడి, ఇన్నాళ్లూ దాచుకున్నది అనేశాను. "ఇది పోతే ఆయన రెండోసారి పోయినట్టేనండి. దీన్ని తెచ్చింది ఆయనే. నేను కాదు."

మా ఆయన చెయ్యి ఆగింది. నన్ను చూడలేదు. కాసేపటికి ఆ చెయ్యి మళ్లీ కదిలింది, దోసిట్లో నీళ్లు తీసి దాని డొప్ప మీద పోయసాగింది. కొంతసేపయ్యాక, "ఈడ చూడు," అన్నాడు. "మెడ కాడ చర్మం కదులుతాండాది. ఊపిరుండాది."

నిజమే, చిన్నగా కదులుతోంది. ఇంకాసేపటికి ముందరి కాలు ఒకటి సాచి తొట్టి అంచును తోసింది. ఆ కాలును పట్టుకుని ముద్దు పెట్టుకుందామనిపించింది. గడ్డి మార్చి, పెట్టె కడిగి ఆరబెట్టుకుని, మళ్లీ కట్టి బయలుదేరాం.

పెనుకొండ నుంచి ధర్మవరం దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గతుకు కనిపిస్తే బండిని నడకకు తెచ్చి దాటించాడు. వెనక లారీలు హారన్లు కొట్టినా పట్టించుకోలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, పెద్దలు చెప్పింది నిజమే, పెళ్లయి ఒక్కరోజన్నా గడవకుండా చెడగొట్టుకున్నాననుకున్నాను. పెట్టెలో అది గడ్డి గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆ చప్పుడు వల్లే ధైర్యంగా కూర్చున్నాను.

ధర్మవరంలో ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో ఆయన నాయన నేసిన పాత గుంటమగ్గం ఉండేదట. మగ్గం తీసేసినా, నేసేవాళ్లు కూర్చుని కాళ్లు పెట్టుకునే గుంట అలాగే ఉంది. ఎడారి తాబేళ్లు నేల తవ్వుకుని చల్లగా పడుకుంటాయని నేను ఎప్పుడో ఒకసారి అన్నాను. గుంటకు ఒక పక్క గోడ పగలగొట్టి, తాబేలు దిగేటట్టు వాలుగా మట్టి పోసి ఉంచాడు. నాకు చెప్పలేదు. దాన్ని వాలు మీద వదిలితే మెల్లగా గుంటలోకి దిగి, మూలకు పోయి, తల లోపలికి లాగేసుకుంది. మల్బరీ ఆకు పెట్టినా తల బయటికి రాలేదు.

పొద్దు వాలేదాకా రాలేదు. నేను షెడ్డు గడపలో నిలబడి ఉన్నాను. మా ఆయన వచ్చి, నేతకు కూర్చున్నట్టే గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాడు. నా వైపు తిరక్కుండానే అడిగాడు. "ఆయప్ప దీన్ని ఏమని పిలుస్తాండె?"

ఆయన పోయాక ఆ పిలుపు నా నోట రాలేదు. "అబ్బోడా, అని."

"అబ్బోడా," అని పిలిచాడు మా ఆయన. తాబేలు కదల్లేదు.

"కొంచెం సాగదీసేవాడు," అన్నాను. "చివర్న."

"అబ్బోడాఆ," అన్నాడు. అదీ సరిగ్గా లేదు. నేను నవ్వాను, ఆ వెంటనే కళ్ల నీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు. ఆయన పక్కన, గుంట అంచునే కూర్చుని, ఎలా పిలిచేవాడో నేనే పిలిచి చూపించాను. అప్పుడు కూడా అది తల బయట పెట్టలేదు.

"ఆయప్పకు ఎన్ని దినాలకు మాలిమైంది?" అని అడిగాడు.

"చానా దినాలు పట్టింది. నేను మాట్లాడని వారమంతా దీనితోనే కూర్చుండేవాడు."

"నువ్వు యాల మాట్లాడలేదు?"

చీర సంగతి మొదటి నుంచీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా, నన్ను తొందరపెట్టకుండా, అంతా విన్నాడు.