పోస్టుకార్డు మీద మా మేనత్త

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక శనివారం పొద్దున, నాగర్‌కర్నూల్‌లో నేను పనిచేసే బళ్లో పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతుండగా గద్వాల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అత్త ఇగ లేదన్నా. చాయ్ తాగుదువు లెవ్వమని ఎన్నిసార్లు లేపినా లేవలే" అన్నాడు. వనపర్తిలో బస్సు మారాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద బస్సులోని వాళ్లంతా వరద చూడటానికి కిటికీల వైపు వంగారు. నేను తలెత్తలేకపోయాను. ఆ నది ఒడ్డునే, యాభై ఏళ్ల కిందట, మా అత్త బతుకు పాడైంది. దాన్ని రెండోసారి పాడుచేసినవాణ్ణి నేను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఈ నాలుగు మాటల పక్కన ఆమె ఫొటో వేయవద్దని సంపాదకుణ్ణి అడిగాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా అమ్మానాన్నలు ఏడాదిలో ఎనిమిది నెలలు పుణె దిక్కు మట్టిపనికి పోయేవాళ్లు. నన్నూ తమ్ముణ్ణీ సాకింది మేనత్తే. గద్వాలలో మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టి బతికింది. రాట్నం తిప్పుతూనే మా చేత ఎక్కాలు చెప్పించేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, ఎక్కాలు అసలే రావు. అయినా నేను తప్పు చెప్పినచోట రాట్నం ఆగిపోయేది. "ఆడ నీ గొంతు సన్నబడ్డది. మల్ల చెప్పు" అనేది. ఇవాళ నేను పిల్లలకు పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ రాట్నం పక్కన కూర్చున్నందుకే.

జొన్నరొట్టె పెనం మీద పొంగగానే పైపొర ఒలిచి, అందులో ఇంత కారప్పొడి, రెండు చుక్కల పల్లీనూనె వేసి చుట్టి మాకిచ్చేది. మందంగా ఉండే అడుగుపొర తను తినేది. తనకు అదే ఇష్టమని చెప్పేది. నేను చాలా ఏళ్లు నమ్మాను.

ఆమె కుడి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు ఉండేది. పొడిచే అవ్వకు మధ్యలో ఏదో పని తగిలి లేచిపోయిందట, తేలుకు కొండి లేదు. "కొండిలేని తేలు. ఎవరిని కుడ్తది పాపం" అని దాన్ని తానే నిమురుకునేది.

పుణె నుంచి నాన్న నెలకో పోస్టుకార్డు రాసేవాడు. పోస్టుమ్యాన్ చేతిలోంచి అందుకోగానే అత్త ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూసేది. అటూ ఇటూ రాత తప్ప ఏమీ లేదని తేల్చుకున్నాకే నా చేతికిచ్చి చదవమనేది. చదువురాని మనిషి కార్డును తిప్పి తిప్పి ఏం చూస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే "ఏం లేదురా, చదువు" అనేది.

ఫొటోలంటే ఆమెకు పడదని ఇంట్లో అందరికీ తెలుసు. నా పెళ్లిలో ఫొటోగ్రాఫర్ ఇటు తిరిగాడంటే చాలు, అన్నపు గంపల వెనక్కి పోయేది. బలవంతం చేస్తే "నన్ను దియ్యకురి, నేను మంచిగ రాను" అనేది. పెద్దమనిషి సిగ్గు అనుకుని నవ్వేవాళ్లం. ఆమెకు చిన్నప్పుడే పెళ్లయిందనీ, భర్త ఏలుకోలేదనీ మాత్రం మాకు తెలుసు. అంతకు మించి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే ఆయనా పోయాడు.

నాకు పాత ఫొటోల పిచ్చి ఉంది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌ల పాత బొమ్మలు ఎక్కడ దొరికినా తెచ్చుకునేవాణ్ణి. కోట దర్వాజాలు, మామిడితోటల్లో చాపలు పరుచుకుని కూర్చున్న కుటుంబాలు, పుట్టి పడవల్లో నది దాటుతున్న పెళ్లిబృందాలు. రెండేళ్ల కిందట వనపర్తిలో ఒక పాతసామాన్ల కొట్లో సుతిలితాడుతో కట్టిన కార్డుల కట్ట ఒకటి కనిపించింది. ఒకప్పుడు బస్టాండు పుస్తకాల కొట్లలో, మల్దకల్ జాతరలో గుర్తుగా కొనుక్కుపోయే బొమ్మల పోస్టుకార్డులు. అమ్ముడుపోక మిగిలినవి. కట్ట నిండా ఒకటే బొమ్మ. కృష్ణ రేవులో ఒక పడుచుపిల్ల బిందె చంకన పెట్టుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. అచ్చు నాసిగా ఉంది, నది మరీ నీలంగా, చీర ఇటుకరంగులో పడ్డాయి. కింద "కృష్ణా తీరం, గద్వాల" అని ఉంది.

ముఖం చూసి గుర్తుపట్టలేదు. అలా నవ్వే ముఖాన్ని నేనెప్పుడూ చూసి ఉండలేదు. బిందె అంచు పట్టుకున్న చెయ్యి చూశాను. మణికట్టు మీద తేలు. దానికి కొండి లేదు.

ఆ సంతోషంలో నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఎవరికీ చెప్పలేదు. గద్వాలలో ఒక హాలు తీసుకుని నా ఫొటోలన్నీ రెండు రోజులు ప్రదర్శనకు పెట్టాలని అప్పటికే అనుకుని ఉన్నాను. ఆ కార్డు బొమ్మను మనిషెత్తు చేయించి హాలు మధ్యలో, తలుపు తీయగానే కనిపించేలా పెట్టాను. కింద ఆమె పేరు, ఊరు రాయించాను. మా అత్తకు బహుమతి ఇస్తున్నాననుకున్నాను.

ఆమెను ఆటోలో తీసుకుపోయాను. "గిదంత ఏంది అల్లుడా, పెండ్లిలెక్క మందున్నరు?" అంటూ లోపలికి వచ్చింది. బొమ్మ ముందు ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఆమెను బొమ్మ పక్కన నిలబెట్టి ఫోన్లు ఎత్తారు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"గది నేను గాదు" అంది.

"నువ్వే అత్తా, చేతిమీద తేలు చూడు" అన్నాను నవ్వుతూ. అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని ఎత్తి చూపించాను కూడా. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. దాన్ని కూడా నేను సిగ్గే అనుకున్నాను.

"ఇంటికి పోదాం పా" అంది. ఇంటికి రాగానే తలుపు వేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అప్పుడు చెప్పింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ దినం రేవుల పుట్టి నడిపే తాత రొట్టెమూట మేక ఎత్కపోయింది. తాత మోకాటిలోతు నీళ్లల్ల నిలవడి మేకను బూతులు తిడుతుండు. మేక ఒడ్డు మీద నిలవడి తాతను సూసుకుంటనే రొట్టె తింటుంది. నవ్వాగలే. నవ్విన. గంతే. ఫొటో దీసినాయన మొకం గుడ నేను సూడలే. తీసిండని గుడ తెల్వదు."

ఆమె భర్త రాయచూరులో పత్తిమిల్లులో పనిచేసేవాడట. అక్కడ తోటిపనివాడు ఒకడు కార్డు తెచ్చి చూపించి, నీ పెండ్లాం బొమ్మలు బజార్ల అమ్ముతున్నరు అన్నాడట. అదే సాయంత్రం ధరూర్ దగ్గర, అత్త ఉండే తన ఊరికి దిగాడు.

"ఎవన్ని సూసి నవ్వినవ్ అన్నడు. మేకను సూసి అన్న. కొట్టిండు. మల్ల అడిగిండు. మేక అనే అన్న. ఇంకేం చెప్పాలె? కార్డు అంగీజేబులనే పెట్టుకుంటుండె. ఎవరొచ్చినా తీసి సూపిస్తుండె. గీమెకు ఎదురుంగ ఎవడున్నడో మీకేమన్న తెల్సా అని అడుగుతుండె. నాకప్పుడు మూడో నెల. గదెవరిదని గుడ అడిగిండు. గదీ నిలవలే."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా నాయిన వచ్చి తోల్కపోయిండు. బస్టాండు కొట్ల ఉన్న కార్డులన్ని కొనుక్కొచ్చి పొయ్యిల పెట్టిండు. కొట్టాయన ఏమనుకున్నడో ఎర్కేనా? గీ బొమ్మ మస్తు పోతున్నదని ఇంకిన్ని అచ్చేపిచ్చి తెప్పిచ్చిండు."

నేను వనపర్తిలో కొన్న కట్ట బహుశా ఆ మిగిలిపోయిన కార్డులదే. నాన్న రాసిన ప్రతి కార్డునూ ఆమె తిప్పి ఎందుకు చూసేదో అప్పుడు తెలిసింది. యాభై ఏళ్లుగా ఆమె తన ముఖం ఏ కార్డు వెనక నుంచి బయటపడుతుందోనని భయపడుతూనే ఉంది. ఆ ముఖాన్ని నేను మనిషెత్తు చేసి పేరు రాసి పెట్టాను.

"జర తీసెయ్ అల్లుడా" అంది.

అప్పటికప్పుడు పోయి తీసేశాను. చింపి కాల్చాను. కట్టలోని కార్డులూ కాల్చాను. కానీ అప్పటికే ఆ మధ్యాహ్నమంతా హాలుకొచ్చిన వాళ్ల ఫోన్లలోకి బొమ్మ ఎక్కింది. నాలుగు రోజుల్లో అది రాని ఫోను ఊళ్లో లేదు. మన గద్వాల నవ్వు అని ఎవరో రాసి పంపారు. కింద ఇంకెవరెవరో ఏమేమో రాశారు. కుర్రవాళ్లు రాసిన కొన్ని మాటలు నేను చదివి ఫోను పక్కన పెట్టేశాను. అవే మాటలు, యాభై ఏళ్ల కిందట వేరే నోట పుట్టినవి. ఘోరం ఏమిటంటే, వాళ్లకు ఆమె ఎవరో తెలిసేదే కాదు. పేరు రాసి తెలిపింది నేను.

ఒక చీరల దుకాణం వాళ్లు ఆ బొమ్మను బోర్డు మీద వేసుకున్నారు. కండెలు ఇచ్చిపుచ్చుకోవడానికి అత్త రోజూ నడిచే దారి అది. దుకాణదారును బతిమాలాను. "మంచిగనే ఉన్నది గద సార్. ఆమెకే పేరొస్తది" అన్నాడు. జరిగింది చెబితే తీసేసేవాడేమో. చెప్పాలంటే మళ్లీ ఆమెనే బజార్లో పెట్టాలి. చెప్పలేదు. నెలన్నర ఉండి, పండగ బేరం అయిపోయాక బోర్డు దానంతటదే మారింది. అప్పటికి అత్త గడప దాటడం మానేసింది. తమ్ముడే కండెలు తెచ్చి ఇచ్చేవాడు. కొన్నాళ్లకు వద్దంది. రాట్నం అటక ఎక్కింది.

నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. మంచానికి కాళ్ల వైపు కూర్చునేవాణ్ణి. ఆమె నన్ను తిట్టలేదు. రొట్టె తిన్నవా, పిల్లలు మంచిగున్నరా అని అడిగేది. అదే నాకు భరించరాకుండా ఉండేది. ఈ ఎండాకాలంలో ఒక ఆదివారం ఆగలేక కాళ్లు పట్టుకున్నాను. తెలియక చేశాను అత్తా, క్షమించు అన్నాను.

చాలాసేపు నా తల మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత నెమ్మదిగా అంది.

"గాయన తెలిసి చేసిండు. నువ్వు తెల్వక చేసినవ్. నీ మీద నాకు కోపం లేదు. కని అల్లుడా, నాకైతే రెండు ఒక్కతీర్గనే అయినయ్."

చెయ్యి మాత్రం తీయలేదు. ఆ మాటకూ ఆ చేతికీ మధ్య నేనింకా అలాగే కూర్చుని ఉన్నాను. ఎవరైనా వచ్చి అది క్షమించడమే అంటే నమ్మాలని ఉంటుంది. కాదంటే కాదనలేను. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

ఆమె పోయిన శనివారం నేను గద్వాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. "కన్నీటి నివాళి" అన్న అక్షరాల కింద పంతొమ్మిదేళ్ల మా అత్త పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. బిందెనూ నదినీ కత్తిరించి వెనక నీలిమబ్బులు అతికించారు.

తమ్ముడి భుజం పట్టుకుని పక్కకు లాగాను. "నేనేం జెయ్యాలన్నా? వేరే ఫొటో యాడుంది? ఆధార్ కార్డుది ఇస్తే పెద్దగ జేస్తే మొకం గుర్తువడ్తలేదన్నడు. గిదైతే అందరి ఫోన్లల్ల ఉన్నది" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు గోడకు ఆనుకుని ఆమె చెప్పింది నాకొక్కడికే. వాడికి తెలియదు. ఆమె చెప్పమనలేదని నేనూ చెప్పలేదు. చూడవచ్చిన ఆడవాళ్లు ఫ్లెక్సీ ముందు ఆగి, "ఎంత నవ్వుమొకమే తల్లీ" అని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. అది నిజంగా దుఃఖమే. వాళ్లనేమనను? పదకొండు రోజులూ ఆ బొమ్మ కిందినుంచే ఇంట్లోకీ బయటికీ నడిచాను.

కర్మ అయిన మర్నాడు చుట్టాలు వెళ్లిపోయాక, దాన్ని కోసి దించుదామని కొడవలి తీసుకుని పోయాను. సన్నగా వాన పడుతోంది. స్తంభానికి తాళ్లు మాత్రమే వేలాడుతున్నాయి. నాలుగిళ్ల అవతల, రోడ్డు పక్కన ఆరబోసిన పల్లీల కుప్ప మీద అది కనిపించింది. ఆ ఇంటావిడ నన్ను చూసి గాబరాగా బయటికి వచ్చింది.

"తప్పుగ అనుకోకు సార్. వాన ఒక్కసారే దిగె. పంటంత నాని మొలకలొస్తయని చేతికందింది కప్పిన. నిల్వంగనే కడిగి తెచ్చిస్త."

"వద్దమ్మా, ఉంచుకో" అన్నాను.

ఆమె మూలలకు నాలుగు రాళ్లు పెట్టి లోపలికి పోయింది. అచ్చువేసిన వైపు పల్లీల మీదికి బోర్లా ఉంది. పైకి తెల్లటి వెనకభాగమే. కుప్ప వంపులో నీళ్లు నిలిచి, నిండి, ఒక పక్కకు జారిపోయి, మళ్లీ నిలుస్తున్నాయి. కొడవలి చేతిలో పట్టుకుని నేను వాన నిలిచేదాకా అక్కడే ఉన్నాను.